రాయలు తాళాలు

కొత్త బోర్డు ఎక్కించిన ఆ సాయంత్రం నిఘంటువు మాస్టారు నోరు అదుపులో పెట్టుకుని ఉంటే ఏ గొడవా లేకపోయేది. బోర్డు ఆయన బావది, అంటే పోయిన భార్య అన్నయ్యది. తాళాలు బాగుచేస్తాడు. వీధంతా బావని రాయలు అనే పిలుస్తుంది. ఇన్నాళ్లకు సొంత కొట్టు, బోర్డు మీద ఎర్రటి అక్షరాలు: రాయలు తాళాలు.

అందరూ టీలు తాగుతుంటే బావ మీసం దువ్వుకుని, "ఊరికే వచ్చిన పేరా ఇది! మా తాతల్లో ఎవరో రాజ్యమేలారు" అన్నాడు.

"నిజమేనా మాస్టారూ? మాటల పుట్టుపూర్వోత్తరాలు మీకు కొట్టిన పిండి కదా" అన్నాడు పక్క కొట్టు మంగలి.

అడిగిందే చాలు, మాస్టారు కళ్లజోడు సవరించుకున్నారు. "రాజ అన్న మాటే ప్రాకృతంలో అరిగి రాయ అయింది. చివరి 'లు' మర్యాదకి. ఒక్క మనిషినే పదిమందిలా చూడటం. రానురాను రాజుల కింద కొలువు చేసినవాళ్లూ తగిలించుకున్నారు, ఆఖరికి ముద్దుపేరైంది. పేరున్నంత మాత్రాన రాజ్యం ఉండాలా, బావా?"

"అయితే మన రాయలు ఏలింది తాళంచెవుల గుత్తినే!" అన్నాడు మంగలి.

అంతా గొల్లుమన్నారు. బావ కూడా నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి, గ్లాసులో టీ అలాగే ఉండిపోయింది. మాస్టారు అది చూశారు. చూసి కూడా, తన మాట నెగ్గిన సంబరంలో ఇంకో టీ అడిగి తాగారు.

మళ్లీ అటు వెళ్లేసరికి బోర్డు మీద 'తాళాలు' ఒక్కటే మిగిలింది. కొట్లో బావ భార్య కూర్చుని ఉంది.

"పేరేదక్కయ్యా?"

"కిరసనాయిలు గుడ్డతో తుడిచేశాడు తమ్ముడూ." ఆవిడ గొంతు తగ్గించింది. "తాతలూ లేరు, రాజ్యమూ లేదు. ఈయన బడి మానేసి తాళాల పనికి వెళ్తుంటే తోటివాళ్లు ఎగతాళి చేశారట. అప్పుడు మీ ఆవిడ, ఇంతుండేది, అట్టకిరీటం చేసి నెత్తిన పెట్టి, 'రాయలుగారూ, భోజనానికి దయచెయ్యండి' అందట. ఆ మాట నలుగురిలో చెప్తే ఏడుస్తాడు. అందుకే తాతల మీద పెడతాడు."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. భార్య నోట 'రాయలన్నయ్య' అన్న పిలుపు కాపురమంతా విన్నారు. ఎవరు పెట్టారని ఒక్కనాడూ అడగలేదు.

ఇంతలో బావ వచ్చాడు. మాస్టారు గబగబా మంగలి గుమ్మంలోకి నడిచారు.

"ఏమయ్యా, ఆ రోజు తెలియక వాగాను. ఈ పేరు బావకి ఇచ్చింది..."

వెనక నుంచి బావ వద్దన్నట్టు తల ఊపాడు. ఆయన కళ్లు అప్పటికే తడిగా ఉన్నాయి.

మాస్టారు మాట మింగారు. "ఇవ్వదగ్గవాళ్లే ఇచ్చారు."

"ఎవరు, రాజులా?"

"వాళ్లకంటే గొప్పవాళ్లు. నాకే తెలియలేదు."

బావ లోపలికి వెళ్లి ఎర్రరంగు డబ్బా, నిచ్చెన తెచ్చాడు. "పట్టుకో, పండితుడా. కదిలిస్తే మటుకు ఊరుకోను."

మాస్టారు తల దించుకుని నిచ్చెన పట్టుకున్నారు. పైకి చూసే ముఖం లేదు.

"రాయలుగారూ, 'రా' వంకరపోయింది!" మంగలి కేకేశాడు.

బ్రష్షు నుంచి రంగు చుక్క మాస్టారి తెల్లచొక్కా భుజం మీద పడింది. బావ దిగొచ్చి కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు, చంటిపిల్లాడికి మూతి తుడిచినట్టు. మరక పోలేదు సరికదా, ఇంకాస్త పాకింది.

"ఇంటికెళ్లి మార్చుకో బావా."

"ఉండనీ" అన్నారు మాస్టారు. మళ్లీ నిచ్చెన పట్టుకున్నారు.