నల్లగీత కింద పేరు

కోర్టు క్యాంటీన్లో అందరూ అతన్ని నల్లగీత అంటారు. ఆ నలుపు ఒంటిది కాదు, ఉద్యోగానిది. తీర్పులన్నీ జనం చదువుకునేలా కోర్టు వెబ్‌సైట్‌లో పెట్టాలని ఒక చట్టం ఉంది. వేధింపుల కేసుల్లో బాధితురాలి పేరు బయటికి పొక్కకూడదని ఇంకో చట్టం ఉంది. ఈ రెండింటి మధ్యా కిర్రుమనే ఒక కుర్చీ ఉంది, దాంట్లో అతను ఉన్నాడు. కంప్యూటరు పేరు వెతికి చూపిస్తుంది, అతను దానిమీద నల్లగా గీత పెడతాడు.

గీత పెడతాడే గానీ తీర్పు చదవడు. బద్ధకం వల్ల కాదు. ఎవరింటి ఆడపిల్లకో ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చదివేసి, సాయంత్రం బస్సులో ఆ పిల్ల పక్కనే నిలబడాల్సి వస్తే ఏ మొహం పెట్టుకుని నిలబడాలి అంటాడు. వినడానికి ఎంతో పెద్దమనిషి తరహాగా ఉంటుంది. కొంప ముంచింది కూడా అదే.

ఆ రాత్రి భార్య అన్నం వడ్డిస్తూ, "క్రేన్ అమ్మాయి కేసు మీ కోర్టులోదేనటగా? పాపం, ఎంత నరకం పడిందో," అంది.

అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఆ అమ్మాయే అని నీకెవరు చెప్పారు? పేరు లేదుగా అందులో."

"పేరెందుకండీ? 'రేవులో క్రేన్ నడిపే ఉద్యోగిని' అని రాసుందట. ఈ ఊళ్ళో క్రేన్ ఎక్కే ఆడది ఇంకెవరున్నారు? మన ఊరి వార్తలు వీడియోలు చేసి ఫోన్లో పెట్టే కుర్రాడు ఒకడున్నాడు, వాడు రాగం తీసి మరీ చదివాడు. అదేంట్రా అని ఎవరో అడిగితే, కోర్టువాళ్ళు పెట్టిందే చదివాను, అది నా హక్కు అన్నాడట."

ఆ కుర్రాడిని తిట్టుకుందామన్నా నోరు రాలేదు. వాడన్నది నిజమే.

మర్నాడు ఆఫీసు తెరిచేసరికి ఆమె వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. పక్కన హెల్మెట్, బూట్లకు గ్రీజు మరకలు. తీర్పుల్లో గీతలు పెట్టేది ఎవరని అడిగింది. నేనేనన్నాడు.

"నా పేరు బాగానే కొట్టేశారు బాబాయ్ గారూ. నన్ను మాత్రం వదిలేశారు."

అతను తల దించుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. నేను చదవలేదు."

కేకలేస్తుందనుకున్నాడు. వేయలేదు. "ఇంట్లో చెప్పలేదండీ నేను. కేసు వేసిన సంగతే మా నాన్నకి తెలీదు. మంగలి షాపులో ఎవడో ఫోన్ పెట్టి వినిపించాడట. అందులో పేరు లేదుగా, మా అమ్మాయి కాదు అని వచ్చేశాడట. ఇంటికొచ్చి నన్నొక్క మాట అడగలేదు. నా టిఫిన్ బాక్సు తనే తోమి పెట్టాడు. ఆయనెప్పుడూ తోమడు."

క్రేన్ అన్న మాట తీయించేద్దామని అతను ఆమెను వెంటబెట్టుకుని జడ్జి గారి గదికి వెళ్ళాడు. అప్పటికే అక్కడ రేవు కంపెనీ లాయరు ఒక పిటిషన్‌తో కూర్చుని ఉన్నాడు. ఆ మనిషి మాట వెన్నలా ఉంటుంది. ఆ సోదరి గోప్యత మంట కలిసిపోయిందనీ, కంపెనీ మనసు కలత చెందిందనీ, ఆమె గౌరవం కోసం తీర్పు మొత్తాన్నే ఇంటర్నెట్‌ నుంచి తీసేయాలనీ విన్నవించుకున్నాడు. ఫోర్‌మన్ వేధిస్తున్నాడని ఆమె పదే పదే మొత్తుకున్నప్పుడు అదే కంపెనీ చెవిన పెట్టలేదు. ఆ సంగతి తీర్పులోనే ఉంది. ఇప్పుడు మాత్రం ఆమె మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

జడ్జి గారు ఆమె వైపు తిరిగారు. "మీరేమంటారమ్మా?"

"తీసేస్తే ఫోర్‌మన్ పేరు కూడా పోతుందా మేడమ్?"

"పోతుంది."

"కంపెనీ పేరు?"

"అదీ పోతుంది."

"ఊరందరికీ నా గురించి తెలిసిపోయింది కదా. అది పోతుందా?"

లాయరు పెన్ను మూత పెట్టుకున్నాడు.

"పోదమ్మా," అన్నారు జడ్జి గారు.

"అయితే తీయకండి. నా పేరు కూడా పెట్టేయండి. ఎవతో క్రేన్ ఆడది అని ఊరు నవ్వుకునే బదులు నా పేరుతోనే ఉంటాను." మళ్ళీ అంది. "కానీ మేడమ్, ఇది ఇష్టపడి ఇచ్చిన పేరు కాదు. దాచుకునే వీలు లేక ఇస్తున్నాను. అది కూడా రాసుకోండి."

జడ్జి గారు ఆ మాటల్ని ఉన్నదున్నట్టుగా రాయించారు. పిటిషన్ కొట్టేశారు. పొరపాటు ఎక్కడ జరిగిందో రాసివ్వమని నల్లగీతను ఆదేశించారు.

వరండాలోకి వచ్చాక ఆమె ఆగింది. "ఒక సాయం చేస్తారా బాబాయ్ గారూ? ఫోన్లో ఆ కుర్రాడు వాడికి కావలసిన ముక్కే చదివాడు. మా నాన్నకి చదువు రాదు. మొత్తం మీరు చదివి వినిపించాలి. నేను చదవలేను, ఆయన ముందు నా నోట రాదు."

ఏ బాధ చదవకుండా ఇన్నాళ్ళూ తప్పించుకున్నాడో, అదే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. వస్తానన్నాడు.

మర్నాడు సాయంత్రం వాళ్ళ ఇంటి ముందుగదిలో ముసలాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆమె వంటగదిలోకి వెళ్ళింది గానీ తలుపు వేసుకోలేదు. అతను మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. నిచ్చెన ఎక్కుతుంటే ఫోర్‌మన్ కాళ్ళు పట్టి లాగడం, పనివాళ్ళందరూ వినేలా వాకీటాకీలో కూసిన కూతలు, అన్నీ చదవాల్సి వచ్చింది. ముసలాయన కదలలేదు. ఫోన్లో చదివిన కుర్రాడు ఇక్కడికే ఆపేశాడు.

అతను ఆపలేదు. బరువు గాల్లో వేలాడుతుండగా ఫోర్‌మన్ మళ్ళీ బూతు మొదలుపెడితే, ఆమె ముందు ఆ బరువును జాగ్రత్తగా దించి, కింద మనుషులెవరూ లేరని చూసుకుని, అప్పుడు అదే వాకీటాకీలో, "ఇతను నన్నేమంటున్నాడో మీరందరూ వింటున్నారు. రేపు కోర్టులో చెప్పండి," అందట. క్రేన్ దగ్గరి పనివాళ్ళు వరసగా వచ్చి సాక్ష్యం చెప్పారు. అది కూడా చదివాడు.

చివరి పేజీలో నిన్నటిదాకా గీత ఉన్నచోట ఇప్పుడు పేరుంది. ఇంటిపేరుతో సహా చదివాడు.

ముసలాయన కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఆ పేరు ఇంకోసారి చదువు నాయనా," అన్నాడు.

అతను చదివాడు. వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.