సోమ, బుధ, శుక్రవారాల వంట

డింప్నా ఆ ఉద్యోగం వద్దంది. ఇష్టం లేక కాదు, మర్యాద కోసం వద్దంది.

ఐర్లండ్‌లోని బాయిల్ పట్టణంలో పుట్టి పెరిగిన మనిషి ఎవరైనా అంతే. టీ తాగుతావా అంటే అబ్బే వద్దనాలి. అయ్యో తాగవమ్మా అంటే ఇప్పుడే తాగొచ్చాననాలి. మూడోసారి అడిగాక, మీరు మరీ అంతగా అంటుంటే సగం కప్పు చాలు అనాలి. యాభై నాలుగేళ్లుగా డింప్నా అలాగే బతికింది. అందుకే వృద్ధుల కేంద్రాన్ని నడిపే మరైకే, "వంటపని మీకే ఇద్దామనుకుంటున్నాను, చేస్తారా?" అని అడగ్గానే, "అయ్యో, నా వల్ల ఎక్కడవుతుందిలెండి, నాకంటే బాగా వండేవాళ్లు ఎంతమంది లేరు!" అని తల వంచుకుని రెండోసారి అడుగుతుందని ఎదురుచూస్తూ కూర్చుంది.

మరైకే రెండోసారి అడగలేదు. లేచి నిలబడి చెయ్యి చాపింది. "సరే. తేల్చి చెప్పారు, సంతోషం. వచ్చినందుకు థ్యాంక్సండీ" అంది.

రెండు నిమిషాల తర్వాత డింప్నా వానలో, వీధిలో, గొడుగు తెరవడం కూడా మరిచిపోయి నిలబడి ఉంది.

ఇల్లు చేరేసరికి ఆమె మనసులో ఆ వద్దన్న మాట కొండంత అయింది. కూతురు గ్రాన్యా మందుల షాపులో పని ముగించుకుని వచ్చేసరికి వంటింట్లో దీపం కూడా వెయ్యకుండా కూర్చుని ఉంది.

"ఎవరైనా పోయారా?" అంది గ్రాన్యా.

"అలాంటి మాటలనకే! పోలేదు. నేనే పోయేలా ఉన్నాను." డింప్నా జరిగినదంతా చెప్పింది. "ఇప్పుడావిడ నిరుద్యోగ భృతి ఆఫీసుకి ఫోన్ చేస్తుంది. ఈవిడకి పనిస్తామంటే వద్దంది అని చెబుతుంది. వాళ్లు నా భృతి ఆపేస్తారు. చలికాలం వస్తోంది, హీటింగ్ ఆయిలు ట్యాంకు అడుగంటింది. అద్దె కట్టలేం. ఇంటావిడ సామాను బయట పెట్టిస్తుంది. నీకు న్యుమోనియా వస్తుంది."

"నాకే ఎందుకు వస్తుంది? నీకు రాకూడదా?"

"నవ్వకు. నీ ఊపిరితిత్తులు చిన్నప్పటి నుంచీ అంతంత మాత్రం."

గ్రాన్యా తడి కోటు కుర్చీకి తగిలించి తల్లి ఎదురుగా కూర్చుంది. "అమ్మా, మరైకే హాలండ్ మనిషి. వాళ్ల ఊళ్లో వద్దంటే వద్దనే. ఆవిడ నీ మాటకి గౌరవమిచ్చింది, అంతే. ఎవరికీ ఫోన్ చెయ్యదు. అయినా అసలు ఆ పని ఎలాంటిది? గంటలెన్ని?"

"రోజుకి మూడు గంటలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా. పాతిక మంది ముసలివాళ్లకి మధ్యాహ్నం భోజనం. గంటకి పది యూరోలు."

గ్రాన్యా నోరు తెరిచింది. "ఐదు రోజులా? అయితే వద్దనడమే మంచిదైంది! గంట పని చేసినా ఆ రోజు భృతి పోయినట్టే కదా. ఐదు రోజులూ వెళితే మొత్తం పోతుంది. అక్కడ నూట యాభై వస్తుంది, ఇక్కడ రెండొందల మూడు పోతుంది. పని చేసి మరీ పేదవాళ్లం అవుతాం."

ఈ సంగతి డింప్నాకి తెలియనిది కాదు. తెలిసే వెళ్లింది. కర్టెన్ల ఫ్యాక్టరీ మూతపడ్డ ఫిబ్రవరి నుంచి ఆమె ఈ లెక్క ఎన్నిసార్లు వేసుకుందో. ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పంతొమ్మిదేళ్లు వండింది. నూట ఇరవై మందికి అన్నం పెట్టిన చెయ్యి ఇప్పుడు ఇద్దరికి రెండు బంగాళాదుంపలు తొక్క తీస్తోంది. తొక్క తీసేటప్పుడు కూడా తొందర లేదు. ఎవరూ గంట కొట్టరు, ఎవరూ బారులు తీరరు, ఎవరూ ఇంకాస్త గ్రేవీ వెయ్యమని గిన్నె చాచరు. నవంబరు దాటితే ఈ భృతీ అయిపోతుంది. అప్పుడు యాభై అయిదేళ్ల మనిషిని, దాదాపు ఏడాదిగా గరిటె పట్టని మనిషిని, ఎవరు పిలుస్తారు?

"నీకు ఆ పని కావాలా, వద్దా?" అంది గ్రాన్యా ఉన్నట్టుండి.

"డబ్బు సంగతి నువ్వే చెప్పావుగా..."

"డబ్బు సంగతి కాదమ్మా. నీకు కావాలా?"

డింప్నా టేబుల్ మీది గుడ్డని మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. ఈ ప్రశ్న ఎవరూ ఆమెని ఇంత సూటిగా అడగలేదు. ఆమె కూడా తనకి తాను వేసుకోలేదు.

"కావాలి" అంది చివరికి, ఏదో తప్పు ఒప్పుకున్నట్టు.

మర్నాడు పొద్దున్న రొట్టె కొనడానికి వెళితే దుకాణం కిటికీ దగ్గర కన్సెప్టా కనిపించింది. ఫ్యాక్టరీలో కుట్టు మిషన్ల వరుసలో ఉండేది. నోరు పెద్దది, మనసు మంచిది. కిటికీలో అతికించిన కాగితం వైపు గడ్డంతో చూపించింది.

"చూశావే? వృద్ధుల కేంద్రానికి వంటమనిషి కావాలట. నిన్ను పిలిచారన్నారుగా?"

"పిలిచారు. నేను... కుదరదన్నాను."

"నువ్వూనా!" కన్సెప్టా పకపకా నవ్వింది. "నేను సోమవారం వెళ్లొచ్చాను. నాకంత రాదులెండి అన్నాను. ఇక నన్ను బతిమాలుతుంది కదా అని చూస్తే, నా కోటు తెచ్చి చేతిలో పెట్టింది! చర్చి పక్క వీధిలో ఉండే ఆ పొడుగావిడ కూడా అంతేనట. ముగ్గురం వద్దన్నాం. పాపం ఆవిడ, ఈ ఊళ్లో ఎవరికీ పని అక్కర్లేదనుకుంటోంది."

"మళ్లీ వెళతావా?" అని డింప్నా అడిగింది.

"నాకెందుకే? వండటం నాకు ఇష్టం లేదు. నా మొగుణ్ణి అడుగు, వాడే చెబుతాడు." కన్సెప్టా ఆమె మోచెయ్యి గిల్లింది. "నువ్వు వెళ్లు. ఎవరో ఒకరు ఆ కాగితం చూసి దూరేలోపు వెళ్లు. కానీ ఐదు రోజులకి ఒప్పుకోకు, మా మరదలు అలాగే ఒప్పుకుని అటూ ఇటూ కాకుండా పోయింది."

ఐదు రోజులకి ఒప్పుకోకపోతే ఇంకెలా? ముసలివాళ్లు వారానికి ఐదు రోజులూ తింటారు. డింప్నా రొట్టె కొనకుండానే వెనక్కి తిరిగింది. నది మీది వంతెన దాకా నడిచింది, ఆగింది, ఇంటి వైపు నడిచింది, మళ్లీ ఆగింది. వెళితే నవ్వుతారు. నిన్న వద్దని ఈరోజు కావాలంటే మతిస్థిమితం లేదనుకుంటారు. పైగా బేరమా? బేరమాడితే ఉన్నదీ పోతుంది. అలా నడుస్తూ నడుస్తూ అలవాటు కొద్దీ వంట గురించి ఆలోచించసాగింది. సోమవారం స్ట్యూ. గొర్రె మాంసం, క్యారెట్లు, ఉల్లిపాయలు. నిజానికి స్ట్యూ ఏ రోజు బాగుంటుంది? చేసిన మర్నాడు కదా!

ఆమె వంతెన మధ్యలోనే నిలబడిపోయింది.

వృద్ధుల కేంద్రంలో మరైకే కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. డింప్నాని చూసి ఆశ్చర్యపోయింది కానీ దాచుకోలేదు. "మీరు వద్దన్నారు కదా?"

"అన్నానండీ." డింప్నా కూర్చోలేదు. కూర్చుంటే మళ్లీ మర్యాద మాటలు వచ్చేస్తాయేమోనని భయం. "నాకు ఆ పని కావాలి. నిన్న కూడా కావాలనే అనుకున్నాను. కానీ ఐదు రోజులు రాలేను, వస్తే నా భృతి మొత్తం పోతుంది. మూడు రోజులొస్తాను. రోజుకి ఐదు గంటలు. అవే పదిహేను గంటలు."

ఒక్క గుక్కలో చెప్పేసింది. చెవులు వేడెక్కాయి. ఇంత సూటిగా మాట్లాడడం ఆమెకి బట్టలు లేకుండా బజారులో నిలబడ్డట్టుంది.

మరైకే మాత్రం కుర్చీ వెనక్కి జరిపింది, మొహం విప్పారింది. "ఇదిగో, ఇలా చెప్పాలి! కూర్చోండి. ఇక్కడికొచ్చి ఐదు నెలలైంది, తనకేం కావాలో నాకు చెప్పిన మొదటి మనిషి మీరే. మరి మంగళ, గురువారాలు వాళ్లేం తింటారు?"

"సోమవారం రెండు రోజులకి సరిపడా వండుతాను. స్ట్యూ మంగళవారానికి ఇంకా రుచి. బుధవారం ఖైమా వండి పైన బంగాళాదుంప ముద్ద పరిచి రెండు రోజులకి ట్రేలు పెడతాను. శుక్రవారం చేప, అది మాత్రం అప్పటికప్పుడే. పెద్దవాళ్లని తీసుకొచ్చే వ్యాను నడిపే ఫిన్‌బార్ ఎలాగూ పదకొండుకి వస్తాడు కదా, మంగళ, గురువారాలు ఓవెన్ వెలిగించి ట్రేలు లోపల పెట్టాలి. అంతే."

"నిన్నటిది వేడిచేసి పెట్టడం... వయసైన వాళ్లకి. ఏమైనా అయితే?"

ఆ మాటతో డింప్నా భయం మొత్తం పోయింది. చెప్పాలంటే, తన సొంత పెరట్లోకి వచ్చినట్టయింది. ఏమైనా అయితే అన్నది ఆమె పొద్దున లేచినప్పటి నుంచీ చేసే పనే.

"ఏమేం అవ్వచ్చో చెబుతాను వినండి" అంది, కుర్చీ ముందుకి లాక్కుని. "పెద్ద గిన్నెలో వదిలేస్తే మధ్యలో చల్లారదు, పాడవుతుంది. అందుకని లోతులేని ట్రేల్లో పొయ్యాలి, గంటన్నరలో ఫ్రిజ్‌లోకి వెళ్లిపోవాలి. ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడకపోవచ్చు, మీ ఫ్రిజ్ రబ్బరు చిరిగింది, నిన్న వెళుతూ చూశాను. రాత్రి కరెంటు పోవచ్చు. పోయిందా లేదా అని తెలియాలంటే లోపల థర్మామీటరు పెట్టి కాగితం మీద రాయాలి. ఫిన్‌బార్ పైన వేడెక్కితే చాలనుకుంటాడు, మగవాళ్లంతా అంతే, మధ్యలో గుచ్చి చూడాలి. ఎవరికైనా పాలు పడకపోవచ్చు, ఎవరికైనా పళ్లు లేకపోవచ్చు, ఎముక ముక్క గొంతులో..."

"ఆగండి ఆగండి" అంటూ మరైకే పెన్ను కోసం వెతికింది. "ఇదంతా రాసుకోవాలి. తనిఖీ వాళ్లు నన్ను అడిగేవి ఇవే. ఇంతకుముందున్న వంటాయన ఫ్రిజ్ రబ్బరు రెండేళ్లు చూడలేదు."

వాళ్లిద్దరూ గంటసేపు కూర్చున్నారు. చివరికి మరైకే, ఒక నెల చూద్దాం, పెద్దవాళ్లు వద్దంటే మళ్లీ మాట్లాడుకుందాం అంది. పని చేసే మూడు రోజులూ పేర్లతో సహా రాసి, సంతకం పెట్టి, భృతి ఆఫీసులో చూపించడానికి కాగితం ఇచ్చింది. ఆ కాగితాన్ని డింప్నా తడవకుండా కోటు లోపలి జేబులో పెట్టుకుని, ఆఫీసు దాకా దానిమీద చెయ్యి తీయకుండా నడిచింది.

కౌంటరు వెనక కుర్రవాడు కాగితం చదువుతున్నంతసేపూ ఆమె తలుపు వైపు చూస్తూనే ఉంది. అతను ముద్ర కొట్టాడు. "సోమ, బుధ, శుక్ర. సరే. మిగతా రెండు రోజులకి భృతి వస్తుంది. వారం వారం సంతకంతో కాగితం తెచ్చివ్వండి."

"అంతేనా?"

"ఇంకేం కావాలమ్మా?"

"ఏం లేదు" అని, ఇంకా ఏదో ఉంటుందనే అనుమానంతోనే బయటికొచ్చింది. మెట్ల మీద నిలబడి లెక్క వేసింది. ఇటు నూట యాభై, అటు ఎనభై చిల్లర. ఖాళీగా కూర్చున్నప్పటి కంటే ఎక్కువే. పెద్ద ఎక్కువ కాదు. కానీ నవంబరు తర్వాత ఎవరైనా ఇంతకుముందు ఏం చేసేవారని అడిగితే, చేసేదాన్ని అనక్కర్లేదు. చేస్తున్నాను అనచ్చు.

మొదటి సోమవారం బాగానే గడిచింది. తొక్క తీసిన బంగాళాదుంపల బకెట్టు చూసి ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి, ఉల్లిపాయలంది. మంగళవారం మాత్రం నరకమైంది. పదిన్నరకే కోటు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

"ఎక్కడికి?" అంది గ్రాన్యా. ఆ రోజు ఆమెకి సెలవు.

"ఊరికే. ఆ దారిన వెళ్లొస్తాను. కిటికీలోంచి చూసి వస్తాను."

"నువ్వు ఆ వంటింట్లో కాలు పెట్టి ఒక్క చెంచా కడిగినా ఈరోజు భృతి పోయినట్టే. కోటు విప్పు."

"ఫిన్‌బార్ ఓవెన్ వెలిగించడం మరిచిపోతాడు. వెలిగిస్తే ఆర్పడం మరిచిపోతాడు. కేంద్రం కాలిపోతుంది. పాతిక మంది, అందులో ఎనిమిది మందికి కర్రలు..."

"కోటు విప్పమ్మా."

విప్పింది. కుర్చీలో కూర్చుని గడియారం వైపు చూసింది. పన్నెండు. పన్నెండున్నర. ఒంటి గంట. ఒంటి గంటా పదికి ఫోన్ మోగింది. డింప్నా దాన్ని తాకలేకపోయింది; గ్రాన్యా తీసి స్పీకర్ నొక్కింది.

"డింప్నా, నేను ఫిన్‌బార్‌ని" అంది గొంతు, వెనకాల గిన్నెల చప్పుడు. "ఒక సమస్య వచ్చింది."

"దేవుడా! ఎవరు?"

"ఎవరేంటి? స్ట్యూ అయిపోయింది. నిన్న తిన్నదానికంటే ఎక్కువ తిన్నారు. మొండి మైకేల్ మూడోసారి గిన్నె చాచాడు, గరిటె నా చేతిలోంచి లాక్కునేలా ఉన్నాడు. ఇంకేమైనా ఉందా పెట్టడానికి?"

డింప్నా ఫోన్ దగ్గరికి లాక్కుంది. మాటలు ఆగకుండా వచ్చాయి. "కింది అరలో, ఎడమవైపు, గుడ్డ చుట్టి సోడా బ్రెడ్ ఉంటుంది. వెన్న రాసి పెట్టు. మైకేల్‌కి అంచులు తీసెయ్యి, పళ్లు లేవు. గిన్నెలు నానబెట్టు, ఎండితే రావు. ఫ్రిజ్ ఎంత చూపిస్తోంది? సరిగ్గా చదువు. నాలుగా? రాసుకో."

ఫోన్ పెట్టేశాక కాసేపు నవ్వుతూ కూర్చుంది. తర్వాత నవ్వు మెల్లగా తగ్గింది. నుదురు ముడిపడింది.

"గ్రాన్యా" అంది గొంతు తగ్గించి, వీధిలో ఎవరైనా వింటారేమోనన్నట్టు. "ఫోన్‌లో చెప్పడం కూడా పని కిందికి వస్తుందంటావా?"