నవ్వారు పట్టీ

తెల్లారితే అందరిళ్లలోనూ మంచాలు ఎత్తి గోడకి నిలబెడతారు. దుర్గాంబ మంచం మాత్రం మూడేళ్లుగా ఒక్క పూటైనా లేవలేదు. వెన్ను దెబ్బతిని కాళ్లు పడిపోయినప్పటి నుంచి ఆమె దాని మీదే ఉంది. ఇన్నాళ్లకు చక్రాల కుర్చీ వచ్చింది. డెబ్బై నాలుగు జూన్‌లో రావికమతం బడి తెరిచే రోజుకి వెళ్లి చేరితే ఆమె టీచరుద్యోగం నిలుస్తుంది, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. పిల్లల గోల వినకుండా బతకడం ఆమె వల్ల కావడం లేదు. చోడవరం నుంచి రోజూ వెళ్లి రావడం ఎలాగన్నదే చిక్కు.

భర్త వేంకటరమణమూర్తి తాలూకా ఆఫీసు గుమస్తా. ఆయనకి అంబాసిడర్ కారు మీద మనసు, మర్యాదగా ఉంటుందట. అందులో కుర్చీ పట్టదు, ఆమెని చంకనెత్తుకుని ఎక్కించాలి. రోజూ పదిమంది ముందూ మొగుడి చంకెక్కి దిగడం ఏం మర్యాదో ఆయనకే తెలియాలి!

దుర్గాంబ కోరుకున్నది పెదబాబు మెటాడోర్ వ్యాను. తెల్లవారుజామున బజారులో కూరగాయలు దింపేసి, బడి వేళకి ఖాళీగా రావికమతం వెళ్లి, సాయంత్రం తిరిగొస్తాడతను.

"వంకాయల బండిలోనా టీచరమ్మ వెళ్లేది?" అన్నాడు మూర్తి.

"వంకాయలకి లేని నామోషీ నాకెందుకండీ? నేల కిందికుంది. వెనక తలుపులు బార్లా తెరుచుకుంటాయి. తల పైకప్పుకి తగలదు. చెక్క పలక వాలుగా వేస్తే కుర్చీతోనే ఎక్కేస్తాను."

పెదబాబు వ్యాను నేలకి ఇనుప కొక్కేలు వెల్డింగు చేయించాడు. బడి తెరిచే ముందురోజు కుర్చీని ముందూ వెనకా తాళ్లతో వాటికి బిగించి, అందులో బెల్లం దిమ్మలు పెట్టి, వీధిలో తోలి గట్టిగా బ్రేకు వేశాడు. కుర్చీ కదల్లేదు. దిమ్మలు మాత్రం ఎగిరి డ్రైవరు సీటుకి కొట్టుకుని బద్దలయ్యాయి.

"కుర్సీని కట్టేం గానీ మనిసి సంగతి మర్సిపోనాం, అమ్మగారూ," అన్నాడు పెదబాబు తల గోక్కుంటూ.

మూర్తి వచ్చి కుర్చీ తాళ్లు విప్పబోయాడు. "చాల్లేవే. ఉద్యోగం లేకపోతే మానె. నిన్ను పోగొట్టుకోలేను."

"నడుంకి తాడు కట్టేద్దుమా?" అన్నాడు పెదబాబు.

"తాడు ఒరుసుకుని పుండు పడినా నాకు తెలీదు నాయనా, అక్కడ స్పర్శ లేదు. వెడల్పుగా, మెత్తగా ఉండాలి." దుర్గాంబ చూపు గదిలోకి పోయింది. "ఏవండీ, నా మంచం నవ్వారు విప్పండి."

"రాత్రికెక్కడ పడుకుంటావే?"

"చాప మీద పరుపేస్తే సరి. విప్పండి."

మూర్తి విప్పాడు. పెదబాబు ఆ నవ్వారుని రెండు పేటలుగా మడిచి, ఒక పట్టీ తుంటి మీదుగా, ఇంకొకటి భుజం మీదుగా వచ్చేలా వెనక కొక్కేలకి బిగించాడు. "ముందు నేను కూచుంటాను," అని మూర్తి కుర్చీ ఎక్కాడు. మళ్లీ బ్రేకు పడింది. కళ్లజోడు ఎగిరింది గానీ ఆయన ఎక్కడివాడు అక్కడే ఉన్నాడు.

మర్నాడు దారిలో గేదె అడ్డొచ్చింది. పెదబాబు బ్రేకు తొక్కాడు. దుర్గాంబ ముందుకి తూలింది కానీ నవ్వారు ఆమెని గట్టిగా పట్టుకుంది. బడి ముందు పిల్లలు వ్యాను చుట్టూ మూగారు.

"నీ మేలు ఈ జన్మకి మరిచిపోలేను నాయనా," అంది తడి కళ్లతో.

"ఏటమ్మా, అంత పెద్ద మాటలు? సాయంత్రం వస్తన్నాను, రడీగుండండి."

ఇంటికొచ్చేసరికి మూర్తి కొత్త నవ్వారు తెచ్చి మంచం అల్లేసి, పక్క వేసి ఉంచాడు. "అలిసిపోయేవు. కాస్సేపు నడుం వాలుస్తావా?"

"రాత్రికి వాలుస్తాను. ఇప్పుడు దాన్ని ఎత్తి గోడకి నిలబెట్టండి."

మూర్తి పక్క తీసి, మంచం నిలబెట్టి, దాని కింద ఊడవడానికి చీపురు తెచ్చుకున్నాడు.