సిద్ధరాములు కొట్టేసిన రేగు చెట్టు

భవాని పేటలో ఆరు నేత కుటుంబాలు కలిసి ఉండే వాడా ఒకటుండేది. దాని వాకిట్లో ఎవరూ నాటని రేగు చెట్టు మొలిచి పెరిగింది. కాయలు శనగగింజంత, పైగా పులుపు. సిద్ధరాములు చీరల పడుగును వాకిట్లో సాగదీసి గంజి పెట్టినప్పుడల్లా ముళ్ల కొమ్మలు గాలికి ఊగి పోగులు తెంపేవి. తెగినవాటిని ఒక్కొక్కటే అతుకుతూ అతను చెట్టును తిట్టేవాడు.

ఆ చెట్టు కిందే కూర్చుని, అదే వాడాలో ఉండే చంద్రభాగ బీడీలు చుట్టేది. భర్త పోయి మూడేళ్లైంది. ఇరుకు గదిలో ఊపిరాడక పగలంతా ఆ నీడలోనే ఉండేది. చెట్టు కొట్టేస్తానని సిద్ధరాములు అన్నప్పుడల్లా అడ్డం పడేది.

1954 ఎండాకాలంలో ఆమె బంధువుల పెళ్లికి సిరిసిల్ల వెళ్లి పది రోజులకు తిరిగొచ్చింది. వాకిట్లో మోకాలెత్తు మోడు మిగిలి ఉంది. ఒక్క పూటలోనే నలభై పోగులు తెగాయని, ఆ కోపంలో గొడ్డలి పట్టాడని సిద్ధరాములు భార్య గోదావరి నొచ్చుకుంటూ చెప్పింది. చంద్రభాగ బీడీల చాట తీసుకుని గదిలోకి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని సిద్ధరాములుకు అనిపించింది.

అక్కల్‌కోట్ రోడ్డులో ఒక తోటలో మాలీగా పనిచేసే చంద్రభాగ అన్న రామన్న ఓసారి చూడటానికి వచ్చాడు. మోడు చుట్టూ తిరిగి, అప్పుడే పొడుచుకొస్తున్న చిగుళ్లు చూసి నవ్వాడు.

"ఏడుస్తవెందుకు చెల్లె? తోటల మేం గూడ గిట్లనే కొట్టి, కొత్త చిగుర్లకు కలం, అదే అంటు, కడ్తం. ఆయన నీ పని సగం చేసి పెట్టిండు."

వానలు మొదలయ్యేసరికి చిగుళ్లు పెన్సిలంత లావయ్యాయి. రామన్న తీపి రేగు కొమ్మలను తడి గోనెలో చుట్టి తెచ్చాడు. బెరడును గాటు పెట్టి ఎలా లేపాలో, తీపి కొమ్మ నుంచి చెక్కిన కన్నును, అంటే చిగురు మొలిచే మొగ్గను, అందులోకి ఎలా జార్చాలో, కన్ను బయటికి కనపడేలా దారం ఎలా చుట్టాలో చూపించి వెళ్లాడు. చంద్రభాగ ఎనిమిది కళ్లు కట్టింది. వారం తిరగకుండానే కట్లు వదులై, నీళ్లు దిగి, ఎనిమిదీ నల్లబడ్డాయి.

ఆమె తోట దాకా నడిచి వెళ్లి మరో కొమ్మ తెచ్చుకుంది. ఈసారీ తడి బెరడు మీద దారం జారిపోతుంటే, మగ్గం గుంతలోంచి చూస్తున్న సిద్ధరాములు లేచి వచ్చాడు. రెండు నెలలుగా వాళ్లిద్దరి మధ్య మాటల్లేవు.

"జర జరుగు చెల్లె. పోగు బిగువు నాకెరుక. ఎక్కువైతే తెగుతది, తక్కువైతే జారుతది."

మైనం రాసిన నూలుతో అతను ఒక్కో చుట్టునూ పక్కపక్కనే పేర్చాడు. మధ్యలో చెయ్యి ఆపి, తల ఎత్తకుండా, చెట్టు కొట్టింది తన తప్పేనన్నాడు.

"ముందు గా దారం చుట్టు అన్నా. కన్ను ఎండుతది," అంది చంద్రభాగ.

కట్టిన నాలుగింటిలో మూడు బతికాయి. సిద్ధరాములు తన పడుగును గోడ పక్కకు మార్చుకున్నాడు. కట్టు కింద మోడు మీద మొలిచే పాత పులుపు చిగుళ్లను రోజూ పొద్దున్నే వెతికి గిల్లేసేవాడు. మరుసటి చలికాలం నిమ్మకాయంత రేగులు కాశాయి. మొదటి కాయ చంద్రభాగ అతనికే ఇచ్చింది. కొంచెం వగరుందని చెప్పి ఇంకొకటి అడిగాడు. కలం కోసమే చెట్టు కొట్టానని అతను పేటంతా చెప్పుకుంటుంటే ఆమె పక్కకు తిరిగి నవ్వుకునేది.

ఒక ఆదివారం ఎదురు వాడా నుంచి పోచమ్మ వచ్చి, తమ జామ చెట్టుకు కూడా కలం కట్టిపెట్టమంది. జామ సంగతి ఇద్దరికీ తెలియదు. ఆ మాట మాత్రం ఇద్దరూ అనలేదు. చంద్రభాగ కత్తి తీసుకుంది, సిద్ధరాములు నూలు ఉండ తీసుకున్నాడు, పోచమ్మ వెనకే నడిచారు.