ముందు చెక్క కింద ఏడు గీతలు

ఓరిన్ అమ్మాడంటే ఇంక చూడ్డానికేముంది అని నాకూ అనిపించింది. సంతకానికి కలం కూడా చేతిలోకి తీసుకున్నాను. ఆ మాట ముందే ఒప్పుకోవాలి. లేకపోతే మొదట్లోనే పసిగట్టానని గొప్పలు పోతున్నట్టుంటుంది.

మోంటానాలో మా చిన్న ఊళ్ళో తుపాకులు బాగుచేసే దుకాణం నాది. ఆకురాయి పట్టుకోవడం దగ్గర్నుంచీ నాకు పని నేర్పింది ఓరిన్. డెబ్బై ఆరేళ్ళొచ్చినా రోజూ పొద్దున్నే వచ్చి, మేకుకి వేలాడే తన కప్పు తీసుకుని, నా కాఫీ తాగి, నా పనికే వంకలు పెట్టి పోతాడు. మా నాన్న పోయాక నాన్నంతటివాడనుకున్నాను.

ఆ రోజు ఓరిన్ ఇంకా రాలేదు. పశువులు పెంచే రాయిస్ పొడుగాటి అట్టపెట్టె ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. మా కౌంటీ నూరేళ్ళ పండగకి కంపెనీ ప్రత్యేకంగా చేసిన స్మారక రైఫిల్ అది. కింద లివర్ లాగి తూటా ఎక్కించే రకం. ఓరిన్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాడట, బదులుగా తన గోధుమరంగు ఆడగుర్రాన్ని ఇచ్చి. ఇది అసలుదేనని నేను సంతకం పెడితే తప్ప ఇన్సూరెన్సువాళ్ళు ఒప్పుకోరట.

"లివర్ మాత్రం లాగకు తల్లీ. ఒక్కసారి లాగినా విలువ పడిపోతుందని ఓరిన్ మరీ మరీ చెప్పాడు" అన్నాడు రాయిస్.

అదీ నిజమే. పేల్చకుండా, లాగకుండా పెట్టెలో పడుకోబెట్టినదానికే ధర. అందుకే ఈ రకం కొన్నవాళ్ళు లోపలేముందో చూడకుండానే కాలం చేస్తారు. మోసగాడికి ఇంతకంటే ఏం కావాలి?

బంగారుపూత ఉంది. పిడిలో పతకం ఉంది. నంబరు ముందు ఉండాల్సిన రెండక్షరాలూ ఉన్నాయి. కలం కాగితానికి ఆనించబోతూ స్క్రూల వైపు చూశాను. ప్రతి స్క్రూ తల మీది గాడీ గొట్టం వెంబడే తిన్నగా ఆగి ఉంది. కంపెనీలో బిగించేవాడికి గాడి ఎటు తిరిగిందన్న పట్టింపు ఉండదు. అలా ఒక్కదాన్నీ వంకరపోనివ్వనివాడు, నాకూ అదే అలవాటు చేసినవాడు, మా చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు.

పక్క హోటల్లో ఆపిల్ పై తిని రమ్మని రాయిస్‌ని పంపించాను. 'కనబడేదాన్ని ఎవడైనా మెరిపిస్తాడు, చెక్క విప్పి చూడు' అన్నది ఓరినే. గొట్టానికి కింద ఆనుకుని ఉండే ముందు చెక్క విప్పాను. గొట్టం అడుగున మేకుతో గీసిన ఏడు గీతలున్నాయి. ఏడోది వంకర.

అది మా ఆయన ఎమ్మెట్ రైఫిల్. అడవిలో ఎల్క్ దుప్పి దొరికిన ప్రతి ఏడాదీ ఒక గీత గీసేవాడు, గొప్పలు చెప్పుకున్నట్టుంటుందని చెక్క కింద. ఎమ్మెట్ శవపేటిక మోసివచ్చిన సాయంత్రం ఓరిన్ నా చెయ్యి పట్టుకుని, వాడి గుర్తుగా ఆ తుపాకి నాకియ్యి, చలిపొయ్యి పైన గోడకి తగిలించుకుంటానన్నాడు. ఏడుస్తూ ఇచ్చాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది నా బతుకు.

అంతలో ఓరిన్ వచ్చి కప్పు అందుకున్నాడు. బల్ల మీద విప్పి ఉన్నది చూసి అక్కడే ఆగిపోయాడు. దబాయిస్తాడనుకున్నాను. దబాయించలేదు.

"నా పేరు వింటే నువ్వు విప్పవనుకున్నా అమ్మాయ్" అన్నాడు.

అంటే అమ్మింది మా ఆయన తుపాకి ఒక్కటే కాదు. నా నమ్మకాన్ని కూడా ధరలో కలిపే అమ్మాడు.

రాయిస్ గుర్రాన్ని సాయంత్రానికల్లా అతని దొడ్లో కట్టెయ్యమన్నాను. ఎందుకు కడుతున్నాడో తన నోటితోనే చెప్పమన్నాను. తలూపాడు. గోడకి వేలాడితే అది వట్టి ఇనుమేననీ, దాన్ని ఒక విలువున్న వస్తువుగా చేశాననీ ఏదో గొణిగాడు.

"ఈ గీతలు చూశావా పూత వేసేటప్పుడు?" అన్నాను.

"చూశా."

"ఏడోది గీసేనాటికి ఎమ్మెట్‌కి చెయ్యి నిలవడం లేదు. మోచెయ్యి పట్టుకుని గీయించింది నువ్వే."

ఓరిన్ కప్పు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. అది మళ్ళీ మేకుకి తగిలించలేదు నేను.

రాయిస్ వచ్చేలోగా ముందు చెక్క బిగించాను. ఈ పనిలోకొచ్చిన ఇరవై రెండేళ్ళలో మొదటిసారి స్క్రూ గాడులు ఎటు తిరిగినవి అటే వదిలేశాను.