కరుమా వంతెన అవతల

నాకు ఆరాలెక్కువ. ఈ అరబ్బు దేశంలో, జాబ్రియాలో నేను పనిచేసే ఇంటి యజమానురాలు, మేం మామా అని పిలిచే ఆవిడ, దాన్ని రోగమంటుంది. కానీ నాతో కలిసి వంటింట్లో పనిచేసే అకెల్లో పొద్దుటి నుంచీ ఫోన్ చూసుకుంటూ కళ్లు తుడుచుకుంటుంటే అడగకుండా ఎట్లా ఉంటాను?

అకెల్లోది ఉగాండా. నాలుగేళ్ల మీద పది రోజుల సెలవు దొరికింది. ఆమె ఊరు గులూకు పోవాలంటే నైలు నది దాటాలి. కరుమా అనేచోట ఆ నది మీదున్న వంతెనను మరమ్మతుకని మూసేశారట.

"ఓస్, దీనికేనా ఏడుస్తాండావు!" అన్నాను, మా ఇద్దరికీ వచ్చీరాని అరబ్బీలో. "మా రాయచోటి పక్క వంతెన కూలితే ఏం జేసినామో తెల్సా మే? బస్సు దిగి, చెప్పులు చేత బట్టుకోని, ఏట్లో ఇసకలో నడిచిపోయి అవతల ఇంకో బస్సెక్కినాం. నువ్వూ అట్లే జెయ్."

అకెల్లో ఏడుపు మానేసి పగలబడి నవ్వింది. ఫోన్లో కరుమా దగ్గరి నైలును చూపించింది. తెల్లగా నురగలు కక్కుతూ, బండల మీద ఎగిరిపడుతూ పోతోంది. అమ్మో! అంత నీటిని నేను వానాకాలంలో కూడా చూడలేదు. సిగ్గేసింది.

సిగ్గేసినా నోరూరుకుంటుందా? "ఇంక యాడా వంతెన లేదా?" అన్నాను.

అకెల్లో తడి వేలితో వంటగట్టు మీద నైలును గీసింది. ఇక్కడ జింజాలో తీగలతో వేలాడదీసిన కొత్త వంతెన. అక్కడ పడమటి వైపు పక్వాచ్‌లో ఒకటి. నడుమ పారా అడవిలో ఇంకొకటి.

"అడవిలోనా? ఏనుగులుంటాయా?"

"ఉంటాయి. కానీ అంత చుట్టూ తిరిగితే దారిలోనే రోజులైపోతాయి. ఇంట్లో ఉండేదెప్పుడు?"

అంతలో మామా వచ్చింది. "ఏంటీ తడి? యల్లా, తొందరగా! అన్నం ఎక్కడ?"

నేను సంగతి చెప్పి, ఇంకో నాలుగు రోజులు సెలవిమ్మన్నాను.

"మా సముద్రం మీద వంతెన ముప్పై ఆరు కిలోమీటర్లు. ఒక నదికి ఇంత గొడవా? పది రోజులే, ఖలాస్!"

"దీని కూతురు అవతల ఉండాది మామా!" అనేశాను.

నా నోట్లో మన్నుబడ! పిల్లల్లేరని చెప్పమని అకెల్లోను ఇక్కడికి పనికి పంపిన ఏజెంటు నేర్పించాడు. కాగితాల్లోనూ అట్లాగే రాయించాడు. అకెల్లో నన్నొక్కదాన్నే నమ్మి చెప్పుకుంది. ఇప్పుడు సెలవు సంగతి దేవుడెరుగు, ఆమె ఉద్యోగమే పోతుందేమో.

మామా స్టూలు లాక్కొని కూర్చుంది. వంటింట్లో ఆమె కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఎన్నేళ్లు?"

"ఐదు," అంది అకెల్లో తల వంచుకొని. "నేను వచ్చేటప్పుడు అప్పుడప్పుడే అడుగులేస్తోంది."

"నువ్వెవరో తెలుసా దానికి?"

"ఫోన్లో తెలుసు మామా. నిన్న, ఇంటికొస్తున్నానని చెప్పాను. ఫోన్లోంచి ఎట్లా బయటికొస్తావమ్మా అని అడిగింది."

మామా గట్టు మీద ఆరిపోతున్న తడిగీతను చూసింది.

"ఇరవై రోజులు పో," అని లేచి వెళ్లిపోయింది. అన్నం ఊసే ఎత్తలేదు. నేను అకెల్లోను గట్టిగా పట్టుకొని, ఆమెకంటే ముందు నేనే ఏడ్చేశాను.