అందరికీ తల్లి

నిఘంటువు ఆఫీసులో ఆమె వారమంతా ‘లైన్’ అనే ఒక్క ఇంగ్లిషు మాటతోనే కుస్తీ పట్టింది. ఫోనుకీ లైనే, రైలుకీ లైనే, టికెట్ల దగ్గర నిలబడేదీ లైనే, పాటలో పాదమూ లైనే. ఇంత సంతానానికి తల్లెవరా అని తవ్వగా తవ్వగా, చివరికి లాటిన్‌లో అవిసె నార దారం తేలింది.

ఇంటికొచ్చి, కుట్టుమిషన్ ముందున్న పిన్నికి చెప్పింది: “వీళ్ళందరికీ తల్లి దారమే పిన్నీ!”

అమ్మ పోయాక ఆమెను సాకి, చదివించింది ఆ మిషనే.

“అయితే మన చుట్టమేనన్నమాట. కబుర్లాపి ఈ చేతిసూదిలోకి దారం ఎక్కించు, నా కళ్ళు ఆనట్లేదు.”

ఎక్కించింది. సూది ఇవ్వకుండా, పోట్లకు గట్టిపడ్డ పిన్ని వేళ్ళు పట్టుకుని కూర్చుంది.

“ఇటివ్వవే, పొద్దు పోతోంది!” అని కసిరింది పిన్ని. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.